చెక్కుబంది

ఆదోని సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల కింద నా బల్ల.
ఇరవై మూడేండ్లుగా
పొత్తులో ఉన్నవాళ్లను విడగొట్టి రాసిన చెయ్యి ఇది.
తూర్పు: బండిబాట.
పడమర: వంక.
ఉత్తరం చెప్పేలోపే
అన్నదమ్ముల గొంతు లేస్తుంది.

ఈ పొద్దు పంచాల్సింది నా ల్యాప్‌టాప్‌నే.

కక్షిదార్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లో ఏముంటుందో,
మొన్న పద్దెనిమిది దస్తావేజులు
పేర్లు మాత్రం మిగిలి
లోపల పుచ్చు శనక్కాయలైనాయి.
"లైనక్స్ ఎక్కిద్దాం మామా" అన్నాడు నబీరసూలు.
"విండోస్ తీసేస్తే అనూ ఫాంట్లు పోతాయి కదరా,
నా రాతంతా వాటిలోనే ఉండాది."
"తీసేది ల్యా. పక్కన చోటిస్తాం. అంతే."

అంతే అంట.
ఆ మాటతో మొదలైన పంపకం
ఆ మాటతో ముగిసింది నేనెప్పుడూ చూడలేదు.

డిస్కు తెరిచి చూపించినాడు.
అడ్డంగా పరిచిన ఒకటే నీలం పట్టీ,
మూడు వందల ఇరవై జీబీ,
నడుమ గెనిమ లేదు, రాయి లేదు.
ముందు పాతకాపును కుదించాలంట.
కుదించబోతే
నట్టనడుమ కదలని ఫైలొకటి కూర్చోనుండాది.
నాకు నవ్వొచ్చింది.
పెద్దహరివాణం పంపకంలో ఒక ముసలామె
ఇట్లే నడిమింట్లో మంచమేసుకొని
"నేను పోయినాక కొలుచుకోండి" అనింది.
ఆమె మంచం చుట్టూ టేపు తిప్పి కొలిచినాం.
నబీ ఆ ఫైలును కాసేపు లేపి,
చోటు చదును చేసి,
మళ్లీ పిలిచి కూర్చోబెట్టినాడు.
ఆ మర్యాద ఆ పొద్దు మాకు తోచలేదు.

పాతదానికి రెండొందలు.
రూటుకు నలభై. హోముకు మిగిలింది.
స్వాపుకు నాలుగు.
"స్వాపంటే ఏందప్పా?"
"మెమరీ చాలనప్పుడు దించుకునే తావు."
కల్లమన్నమాట.
పంటకు పది దినాలే పని దాంతో,
కోర్టు కేసులన్నీ దాని మీదే.

"అప్లై నొక్కితే వెనక్కి రాదు. బ్యాకప్ తీసినావా?"
తీసినా. రెండు తావుల్లో.
అయినా,
వేలిముద్ర వేసేటప్పుడు వణికేవాళ్లను
"బిరబిరా కానీ" అని ఇన్నేండ్లు విసుక్కున్న నేను
ఆ బటను ముందర
నా వేలిని నేనే బతిమాలుకున్నాను.

నలభై శాతం దగ్గర కరెంటు పోయింది.
ఫ్యాను నిలిచింది.
జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన దూది నూగు
మెల్లగా కీబోర్డు మీద దిగింది.
బ్యాటరీ పదహారు.
టీ గ్లాసులు తెచ్చిన పిల్లోడు కూడా
ఎవరికో ప్రాణం పోతాందన్నట్టు నిలబడినాడు.
పదమూడు.
పదకొండు.
పట్టీ రెండు రంగులైంది.

ఇప్పుడు ఆన్ చేస్తే
నల్లటి వాకిలి ఎదురొచ్చి, ఎవరింటికి? అంటుంది.
పది సెకన్ల గడువు.
పలక్కపోతే తనకు తోచినింటికి తోలేస్తుంది.

కొత్తకాపు పాతకాపు గదులన్నీ చూస్తాడు,
కాగితాలు తెరిచి చదువుతాడు.
పాతకాపుకు కొత్తోని ఇల్లు కనపడదు.
కనపడినా బీడనుకుంటాడు.
"ఫార్మాట్ చేయమంటారా?" అని
ఎంత మర్యాదగా అడుగుతాడో!
అంత మర్యాదగా అడిగినవాళ్ల కాగితాలు
ఈ బల్ల మీదే కొన్ని రాసిచ్చినాను.
అప్పుడు అవతలోని పేరు అడగలేదు.

ఇంకొక తగువు మిగిలింది.
గోడకుండే గడియారం ఒకటే,
ఒకడు దాన్ని మన టైమంటాడు,
ఇంకొకడు సీమ టైమనుకొని లెక్కేసుకుంటాడు.
ఇద్దరికీ నడుమ ఐదున్నర గంటలు.
"ఒక్క కమాండుతో పోతాది, రేపొచ్చి చూస్తా"
అని నబీ బండెక్కినాడు.

రాత్రి తొమ్మిదికి బల్ల సర్దుకుంటా చూస్తే
విండోస్ మధ్యాహ్నం మూడున్నరంటాంది.
ఆఫీసు తెరిచుండే యాళ.
ఇంకొక దస్తావేజు రాయొచ్చు.
రేకుల సందులో ఎండ ఉందేమోనని
ఒకసారి తలెత్తి చూసినాను.